ఆ వీడియోలో లేని సగం

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు! నా సాక్ష్యం మీలో చానామంది ముందే ఫోన్లో చూసేశారు. గురజాల శాంతమ్మ కారం, పచ్చళ్ళు అనే వీడియోలో ఆవిడ ఏడుస్తా చెప్పిన తాగుబోతు మొగుణ్ణి నేనే, దావీదుని. ఈ కోత పండక్కి మా మొదటి కారం దేవుడికి తెచ్చాం, దాంతోపాటు ఆ వీడియోలో లేని సగం కూడా నేను తెచ్చాను.

తాగిన రోజుల సంగతి సాగదీయను. సగం ఉడికిన అన్నం గిన్నె కింద పెట్టి, గ్యాస్ పొయ్యి ఎత్తుకుపోయి అమ్మి తాగినవాణ్ణి, చివరికి కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి నరసరావుపేట ఆసుపత్రిలో పడ్డాను, డాక్టరు శాంతని పక్కకి పిలిచి ఏదో చెప్తంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకోవటం చూసి, గోడవైపు తిరిగి ఒక్క మాటే అన్నాను: "ప్రభువా, నాకు ప్రార్థన చెయ్యటం రాదు. చెయ్యి పట్టుకో, నువ్వు వదిలితే పడిపోతాను." ఆయన వదల్లేదు! ఆ మంచం దిగినకాడి నుంచి చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ!

తర్వాత శాంత కారం, పచ్చళ్ళ కొట్టు పెట్టింది. మిరపకాయలు ఎండబెట్టటం, తొడిమలు తియ్యటం, మర పట్టించటం నా పని. సరుకు మంచిదే, కొనేవాళ్ళే లేరు. అప్పుడు శాంత అక్క కూతురు కీర్తన వచ్చింది, నరసరావుపేటలో చిన్న చిన్న షాపులకి ఫోన్లో ప్రకటనలు తీస్తది. "పిన్నీ, కారం అందరూ అమ్ముతారు, నీ కథ ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అంది. శాంత చెప్పింది, ఒక్క అబద్ధం లేదు, పొయ్యి సంగతితో సహా! కొన్నాళ్ళకే మా కారం బస్సులెక్కి ఎక్కడెక్కడికో పోవటం మొదలుపెట్టింది, శాంత ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు, మరి నేను సంతోషించాలి గదా?

నాకు కాలు నిలవలేదు. టీ కొట్టుకి పోతే మాటలు ఆగిపోతాయి, బస్టాండులో నిలబడితే ఎవరో ఫోను చూస్తారు, మళ్ళీ నన్ను చూస్తారు, కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ "నిజంగా ఇప్పుడు ముట్టవా?" అని అడుగుతారు. పడుకుంటే పక్క కుదరదు. శాంతని ఏమని తప్పుపట్టేది? చెప్పిందంతా నిజం, ఏడ్చింది ఆవిడ. అట్టని నోరు మూసుకుంటే నాలోపల ఏదో తేలు పాకినట్టు ఉండేది.

ఒకరోజు మాచర్ల నుంచి ఒక కుటుంబం వచ్చింది. "పొయ్యి అమ్మినాయన్ని పిలవండమ్మా, ఒక ఫోటో" అన్నారు. నేను వెనక తొడిమలు తీస్తన్నాను. శాంత సంతోషంగానే కేకేసింది, నేనూ వచ్చి నవ్వుతా నిలబడ్డాను, వాళ్ళు అటు పోగానే చేతులు కూడా కడుక్కోకుండా రోడ్డు మీదకొచ్చి కారంపూడి బస్సెక్కాను. ఎందుకో మీకు తెలుసు. గురజాలలో అయితే అందరూ గుర్తుపడతారు గదా!

కారంపూడిలో దిగి వైన్ షాపు ఎదర నిలబడ్డాను. "ఎటూ తాగుబోతనే అంటన్నారు, మానితే ఎంత, మానకపోతే ఎంత" అనుకుంటంటే ఏడుపు తన్నుకొచ్చింది, ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను! పొద్దుటి నుంచి మిరపకాయల్లో ఉన్న చేతులు! పల్నాటి పిల్లాడు కూడా చెయ్యని పని చేశాను సహోదరులారా. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయి "చచ్చాన్రా దేవుడో" అని కింద కూలబడ్డాను. షాపు దగ్గరున్న ఒకాయన పరిగెత్తుకొచ్చి, మందులో కలుపుకోటానికి కొన్న నీళ్ళ ప్యాకెట్ పళ్ళతో కొరికి నా కళ్ళల్లో పోశాడు. మందులో కలవాల్సిన నీళ్ళు నా కళ్ళు కడిగినయ్, చూశారా దేవుడి పని!

కళ్ళు తెరిస్తే ఆయన నా ముఖంలోకి చూస్తన్నాడు. "అన్నా, నువ్వు ఆ వీడియో ఆయనవి గదా?" అన్నాడు. ఇంక అయిపోయింది, నవ్వుతాడు, అనుకున్నాను. ఆయన నవ్వలేదు. "మా ఇంటిది రోజూ అన్నం ముందు నాకు నీ వీడియో చూపిచ్చిద్ది. నువ్వు ఎంత తాగావో ఉంది అందులో, మానావనీ ఉంది. ఎట్టా మానావో లేదేందన్నా?" అన్నాడు.

ఆ మాటకి నాలో పాకే తేలు ఆగిపోయింది. ఇద్దరం కల్వర్టు మీద కూర్చున్నాం. ఆసుపత్రి గోడ, శాంత కొంగు, నేనన్న ఆ ఒక్క మాట అన్నీ చెప్పాను, చెప్పేకొద్దీ తాగుబోతునన్న సిగ్గు నన్ను వదిలిపోయింది. ఆ రోజు ఆయనా తాగలేదు, నేనూ తాగలేదు, హల్లెలూయ!

ఇంటికొచ్చి ఎక్కడికి పోయానో శాంతకి దాచకుండా చెప్పాను. "నీ పరువు అమ్మి కారం అమ్మానా అయ్యా?" అని కుమిలిపోయింది. "లేదే, నీ ఏడుపు నీది, చెప్పుకునే హక్కు నీది. కాకపోతే నేను లేచిన సంగతి నా నోటితో చెప్పుకోవాలి" అన్నాను. కీర్తన ఆ పాత వీడియో ఫోన్లోంచి తీసేసి, "బాబాయ్, నన్ను క్షమించు, ముందు నిన్ను అడగాల్సింది" అని, మిరప కల్లంలో నన్ను కూర్చోబెట్టి నా మాటల్లోనే కొత్త వీడియో తీసింది. ఆర్డర్లు పెరిగినయ్యా తగ్గినయ్యా అని మాత్రం అడగొద్దు, నాకు రాత్రిళ్ళు నిద్రపడతంది, నాకది చాలు.

కారంపూడి సహోదరుడు ఈరోజు ఇక్కడే ఉన్నాడు. అమ్మా, వెనక్కి తిరగొద్దు! తమ్ముడూ, ఆ ఫోను జేబులో పెట్టు! ఆయన పేరు నేను చెప్పను, ఆయన కథ ఆయనదే, చెప్పాలనిపించిన రోజు ఆయనే చెప్పుకుంటాడు. నా లాగా కాలు నిలవక తిరిగేవాళ్ళు మీలో ఇంకా ఉంటే, పెద్ద ప్రార్థనలేమీ అక్కర్లేదు, "చెయ్యి పట్టుకో" అనండి, నన్ను పట్టుకున్న దేవుడు మిమ్మల్నీ పట్టుకుంటాడు. ఇప్పుడు అందరం తలలు వంచి కళ్ళు మూసుకుందాం, గట్టిగా మూసుకోండి. ముందుకు రావాలనుకున్నవాళ్ళు ఎవరూ చూడకుండా రావాలి.