పెద్దదాన్ని పంపించాం

నాకు కవల ఆడపిల్లలు. రెండు నిమిషాల తేడాతో పుట్టారు కాబట్టి ఇంట్లో పెద్దది, చిన్నది అనే అంటాం. చిన్నది మరీ సన్నగా పుట్టిందని దవాఖానలో పన్నెండు రోజులు గాజు పెట్టెలో ఉంచారు. పెద్దది మొదటి రోజు నుంచే నా పక్కన పడుకుంది. నా పాలైనా, డబ్బా పాలైనా ఏది పట్టినా తాగేది. ఎవరెత్తుకున్నా ఊరుకునేది. చూడవచ్చినవాళ్లంతా ఎంత మంచి పిల్ల అనేవాళ్లు. ఆ మంచితనమే దాని మీదికి వచ్చింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పరీక్షలకి రక్తం తీసే పని చేస్తాను. కాన్పయ్యాక నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. ఆరు నెలలు సెలవివ్వాలని చట్టం ఉందట. మా దగ్గర దాని ఊసెత్తినవాళ్లు లేరు, నేనూ ఎత్తలేదు. నాలుగో నెల చివర మా ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. ఆయనది విజయవాడ వైపు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా మాట మారలేదు.

"ఏమ్మా, ఇంకెన్నాళ్లు? ఒకటో తారీఖుకి రాకపోతే ఇంకొకళ్లని చూసుకోవాల్సొస్తుంది. నన్నేమీ అనుకోవద్దు."

అనుకోవడానికేముంది. ఇద్దరం పని చేస్తేనే గడిచే ఇల్లు మాది. మా ఆయన టైల్స్ షాపులో చేస్తాడు. ఎల్‌బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. పిల్లల్ని చూసుకోవడానికి ఒకామెను పెట్టుకుంటే మూడు రోజులొచ్చి మానేసింది. దగ్గర్లో ఉన్న బేబీ కేర్ వాళ్లు ఏడాది నిండితేగానీ తీసుకోమన్నారు. ఆ సాయంత్రం అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నేను అబద్ధమాడ. ఇద్దర్ని నేను పట్టుకోలేను. ఒకదాన్నెత్తుకుంటే ఇంకోటి ఏడుస్తది. మోకాళ్లు లేస్తలేవు. ఒకదాన్నైతే సాదుతా."

మా అమ్మా నాన్నా పెద్ద అంబర్‌పేట్‌లో ఉంటారు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఫోన్ చేస్తే ఆమె కూడా ఉన్నమాటే చెప్పింది. "ఒకదాన్నియ్యి. మిషన్ పక్కన పండబెట్టుకుంట. ఇద్దరైతే నాతోని కాదు."

ఎవరిని పంపాలని మాలో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. చిన్నది పాలసీసా నోట్లో పెడితే ఉమ్మేసేది, నేను పనిలోకి వెళ్లినా పొద్దున వెళ్లేముందు, మధ్యాహ్నం వచ్చాక నా పాలే తాగాలి, మధ్యలో అత్తమ్మ చెంచాతో పట్టాలి. పెద్దది ఎక్కడైనా బతుకుతుంది. దాన్నే పంపాలి.

"కొన్ని దినాలే గదా" అన్నాడు మా ఆయన. "నడకొచ్చినంక తెచ్చుకుందాం."

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరి బట్టలు మంచం మీద వేసి విడదీశాను. అన్నీ జతలు జతలుగా కొన్నవే కాబట్టి పంచడం కష్టం కాలేదు. దారి పొడుగునా పెద్దది ఆటోలోంచి లారీలను చూస్తూ కూర్చుంది. అమ్మవాళ్లింట్లో పాలు తాగి నిద్రపోయింది. నేను పక్కనే కూర్చుంటే అమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడే పో బిడ్డా. అది లేస్తే నువ్వు పోలేవు." లేచి వచ్చేశాను.

మర్నాడు ఆరింటికల్లా సెంటర్‌లో ఉన్నాను. నా కుర్చీలో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. నన్ను చూసి లేచి పక్క కుర్చీకి జరిగింది. అక్కడ నాకొక పేరుండేది. పసిపిల్లల నరం ఎంత సన్నదైనా నాకు దొరుకుతుందని, వేరే సెంటర్ల నుంచి కూడా పిల్లల్ని మా దగ్గరికే పంపేవాళ్లు. పదింటికి ఒక జంట అయిదారు నెలల పాపతో వచ్చింది. చేతికి రబ్బరు పట్టీ కట్టేసరికే ఆ పాప ఏడుపు మొదలుపెట్టింది. నా రొమ్ములు బరువెక్కాయి. తెల్ల కోటు ముందు భాగం తడిసిపోతోందని తెలుస్తూనే ఉంది. సూది గుచ్చాను, నరం తప్పింది. రెండో చెయ్యి పట్టుకుని గుచ్చాను. అదీ తప్పింది.

"ఏంది మేడం, గిట్ల పొడుస్తున్నరు?" అన్నాడు పాప తండ్రి. "జర తెలిసినోళ్లు లేరా ఈడ?"

కొత్తమ్మాయి వచ్చి ఒక్కసారికే తీసేసింది. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని, నొప్పి తగ్గేదాకా పాలు పిండి వాష్‌బేసిన్‌లో పోశాను. పెద్ద అంబర్‌పేట్‌లో పెద్దది ఆ వేళకి డబ్బా పాలు తాగుతూ ఉంటుంది. దాని పాలు ఇక్కడ నీళ్లతో పాటు పోతున్నాయి. నల్లా తిప్పి అలాగే నిలబడ్డాను.

ఆ వారంలో ఇంకో ఇద్దరు పసివాళ్ల దగ్గరా అంతే జరిగింది. పెద్దవాళ్లకి తీసేటప్పుడు నా చెయ్యి బాగానే ఉండేది, పిల్ల ఏడిస్తే చాలు గురి తప్పేది. ఇన్‌ఛార్జి నన్ను పిలిచి కూర్చోమన్నాడు. "తప్పుగా అనుకోకమ్మా. కొన్నాళ్లు బిల్లింగ్‌లో కూర్చో. నీ చెయ్యి కుదుటపడ్డాక చూద్దాం." మళ్లీ చూసింది లేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ బిల్లింగ్‌లోనే ఉన్నాను.

మా పనిలో ఆదివారం పొద్దున్నే రద్దీ ఎక్కువ. చర్చికి వెళ్లడం ఇక కుదరలేదు. రెండింటికి బయటపడి, మెట్రోలో వచ్చి ఎల్‌బీనగర్‌లో దిగి, అక్కడ పెద్ద అంబర్‌పేట్ బస్సు పట్టుకునేదాన్ని. స్టేషన్ నుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. అక్కడ చిన్నది నా కోసం చూస్తూ ఉంటుంది. ఇంటికి వెళ్తే అది చంక దిగదు, ఇక బస్సెక్కలేను. మొదట్లో ప్రతి ఆదివారం పెద్దదాని దగ్గరికే వెళ్లాను. తర్వాత చిన్నదానికి జ్వరమని ఒక వారం, వానలని ఒక వారం, ఒళ్లు అలిసి ఇంకో వారం ఆగాను. రెండు వారాలకొకసారి అయింది, ఆ తర్వాత మూడు.

ఎనిమిదో నెలలో ఒకసారి ఎత్తుకోబోతే పెద్దది అమ్మ భుజంలో మొహం దాచుకుంది. "మీ అమ్మరా, చూడు" అంటూ అమ్మ దాని గడ్డం పట్టి తిప్పబోయింది. అది గుక్కపట్టి ఏడ్చింది. వద్దులే అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఏడాది నిండకముందే మాటొచ్చింది. మా అమ్మను చూసి "అమ్మ" అంది. నేను అక్కడే ఉన్నాను.

"నేను నేర్పలే బిడ్డా" అంది అమ్మ. తప్పు చేసినదానిలా నా మొహం చూడకుండా అంది. "నువ్వొచ్చినప్పుడల్లా నన్ను అమ్మా అమ్మా అని పిలుస్తవ్ గదా. గదే విన్నది."

నడక వచ్చింది. అనుకున్నట్టే ఇంటికి తెచ్చుకున్నాం. నేను వారం సెలవు పెట్టాను. పెద్దది నా మొహం వైపు చూసేది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేటు కమ్మీలు పట్టుకుని నిలబడేది. నేను దాన్ని ఎత్తుకుంటే చిన్నది నా చీర లాగి, దాని కాలు పట్టి గుంజేది. పెద్దది అన్నం ముట్టలేదు. నాలుగో రోజు జ్వరం వచ్చింది. డాక్టర్ ఏమీ లేదన్నాడు, బెంగ అన్నాడు. తొమ్మిదో రోజు అత్తమ్మే నోరు విప్పింది. "ఈ పోరి ఖరాబైతది. తోల్కపో బిడ్డా." సెలవు అప్పటికే దాటిపోయింది, ఇన్‌ఛార్జి రెండుసార్లు ఫోన్ చేశాడు.

తీసుకెళ్లాను. అమ్మవాళ్ల గుమ్మం ముందు ఆటో ఆగగానే అది నా ఒళ్లోంచి జారి, పడుతూ లేస్తూ పరిగెత్తింది. అమ్మ మిషన్ వదిలేసి వచ్చి ఎత్తుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉందని నాకు తెలుసు. అమ్మ మీద కోపం వచ్చింది. నా బిడ్డను సాకుతున్న మనిషి మీద కోపం రావడం ఎంత సిగ్గుచేటో కూడా అప్పుడే తెలిసింది. మంచినీళ్లు కూడా తాగకుండా అదే ఆటోలో వెనక్కి వచ్చాను.

ఇప్పుడు పిల్లలకి నాలుగేళ్లు. చిన్నది ఎల్‌బీనగర్‌లో, పెద్దది పెద్ద అంబర్‌పేట్‌లో బడికి వెళ్తున్నారు. తెచ్చుకుందామనే మాట మా ఆయన అనడం మానేశాడు. అమ్మ చెప్పీ చెప్పీ పెద్దదానికి నన్ను అమ్మ అనడం అలవాటు చేసింది. "ఎల్‌బీనగర్ అమ్మ" అంటుంది.

పోయిన నెల వెళ్లినప్పుడు నన్ను గుమ్మంలో చూసి లోపలికి పరిగెత్తింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, తొణక్కుండా నడుస్తూ నీళ్లు తెచ్చిచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకి నీళ్లివ్వాలని అమ్మ నేర్పిందట. నేను తాగేదాకా ఎదురుగా నిలబడి, గ్లాసు తీసుకుంటూ అడిగింది.

"నువ్వు ఎప్పుడు పోతవ్?"

దాని మాటలో విసుగేమీ లేదు. బయట పిల్లలు ఆడుకుంటున్నారు, వెళ్లాలని ఉంది దానికి.

"బస్సు రాంగనే పోత" అన్నాను.

సరేనని తలూపి ఆటకి వెళ్లిపోయింది.