తల లేని నీడ

మా మామయ్య రోజూ పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి, వెనక్కి తిరిగి తన నీడ చూసుకుంటాడు. నీడకి తల ఉంటే ఆ రోజుకి భయం లేదు. లేకపోతే ఆరు నెలల్లో పోతారని వాళ్ళ నాన్నగారు చెప్పారట. చిలకలూరిపేట అవతల, మిరపచేల మధ్య ఊళ్ళో ఆయనది పౌరోహిత్యం. నేను గుంటూరులో పిల్లలకి సైన్సు చెబుతాను. ఈ నీడ గోల మీద ఆయన్ని ఏడిపించకుండా ఏ సెలవులూ గడవలేదు.

కిందటేడు గుండె ఆపరేషనుకని మా ఇంటికొచ్చాడు. ఇంక ఆలస్యం చేస్తే మనిషి దక్కడని డాక్టరు గట్టిగానే చెప్పారు. పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. ముందురోజు సాయంత్రం కాస్త గాలికి తిప్పుకొద్దామని సెంటరు దాకా తీసుకెళ్ళాను.

అక్కడ ఓ హెల్మెట్ల కంపెనీ వాళ్ళు ఖాళీ గోడ మీద లైట్లతో కొత్త రకం ప్రకటన పెట్టారు. ఎదురుగా నిలబడితే మన నీడ గోడ మీద పడుతుంది. చూస్తుండగానే తల మాయం. అంతలోనే పైనుంచి హెల్మెట్ దిగుతుంది, దాంతోపాటే తలా తిరిగొస్తుంది. జనం విరగబడి నవ్వుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకూ సరదా పుట్టింది. "నువ్వూ నిలబడు మామయ్యా" అని ముందుకు తోశాను.

నీడ పడింది. పంచె, కండువా, వంగిన భుజం, అన్నీ ఆయనవే. తల పోయింది. హెల్మెట్ రాలేదు.

యంత్రం ఎక్కడో ఆగిపోయింది, అంతే. ఆయన పక్కకి జరిగాడు. నీడ జరగలేదు. మెడ దాకా ఉన్న మనిషి, గోడ మీద అలాగే నిలబడి ఉన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వడం ఆపేశారు. ఆయన చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి బయటికి లాక్కొచ్చాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, "ఆపరేషన్ వద్దురా, ఊరికి పోతాను" అన్నాడు. ప్రొజెక్టరు, కెమెరా, కంప్యూటరు అంటూ పెద్ద పాఠమే చెప్పాను. అంతా విని, "పొద్దున సూర్యుడి ముందు చూద్దాం. ఉంటే వస్తాను, లేకపోతే లేదు" అన్నాడు.

తెల్లారి డాబా ఎక్కాం. అర్ఘ్యం ఇచ్చి వెనక్కి తిరిగాడు గానీ, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నాకు ధైర్యం చాలట్లేదురా. నువ్వు చూసి చెప్పు. ఉందా?"

చూశాను. అప్పుడప్పుడే పొడిచిన ఎండ. నీడ డాబా పొడుగునా సాగి, పిట్టగోడ ఎక్కింది. మెడ దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోయింది. ఇందులో వింతేం లేదు, నేను బోర్డు మీద గీసి చెప్పే పాఠమే. ఉంది అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"ఏరా, ఉందా?"

"ఆగు మామయ్యా."

జేబులో ఫోను మోగుతోంది, ఆసుపత్రి వాళ్ళు. తియ్యలేదు. ఎండ పైకొచ్చేకొద్దీ నీడ పొట్టిదవ్వాలి, తల గోడ మీదకి దిగాలి. నాకొచ్చిన సైన్సంతా దేవుడికి మొక్కుకున్నట్టు మొక్కుకుంటూ నిలబడ్డాను.

ముందు చెవులు దిగాయి. తర్వాత నెత్తి. చివరికి పిలక.

"ఉంది మామయ్యా" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి తనివితీరా చూసుకున్నాడు. "పద, ఆలస్యమవుతోంది" అని మెట్ల వైపు కదలబోయి, నా నీడ దగ్గర ఆగిపోయాడు. ఆయనకంటే నేను జానెడు పొడుగు.

"మరి నీదేదిరా?" అన్నాడు.