రెండుసార్లు తిరగేసిన అడ్రసు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో, మా కంపెనీ నన్ను చింతపల్లి పైనున్న ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి పంపింది. అప్పటికి నేను ప్రిన్సిపల్ ఇంజనీరుని, యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాము కెర్నెల్, దానికీ చిప్పులకూ మాట కలిపే డ్రైవర్లు రాయడం నా పని. పంపింది డబ్బా బాగుచెయ్యడానికి కాదు, అక్కడి నర్సు వంతల మంగ గారు తప్పు చేశారని రుజువు పట్టుకు రమ్మని. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డబ్బా అంటే రోగి బీపీ, సుగరు వివరాలు కింద ఆసుపత్రికి పంపి, డాక్టరుతో మాట్లాడించే చిన్న యంత్రం. ప్రతి డబ్బాకూ ఆరు బైట్ల, అంటే వరసగా ఆరు సంఖ్యల అడ్రసు ఉంటుంది. నమోదైన అడ్రసునే ఆసుపత్రి సర్వరు లోపలికి రానిస్తుంది. ఈ సెంటర్ నుంచి మాత్రం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొత్త అడ్రసు వస్తోంది. అది చూసి మా డెలివరీ మేనేజరు, ఆవిడ డబ్బా పీకేసి సినిమాల కోసం ఆ లైనుకు చుట్టాల ల్యాప్‌టాప్‌లు తగిలిస్తోందని తేల్చేశాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆరోగ్య శాఖలో పైవాళ్లు ఆవిడకు మెమో ఇచ్చేశారు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు రెన్యువల్.

షేర్ జీపులో వెళ్లాను. మంగ గారు కుర్చీ వేశారుగానీ నా మొహం చూడలేదు.

"దీపం ఎలుగుతంది, మాట ఎల్లదు. నేనేటి సేసినానండి?" అన్నారు.

మూత విప్పి, సీరియల్ కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించి ఆన్ చేశాను. ముందుగా మేలుకునే ప్రోగ్రాము, బూట్ ఫర్మ్‌వేర్, డబ్బా అడుగున స్టిక్కరు మీదున్న అడ్రసునే చూపించింది. ఆ వెంటనే కెర్నెల్, ఈ అడ్రసు చెల్లదు, కొత్తది కల్పిస్తున్నానంది. నాకు అక్కడే అర్థమైపోయింది.

చిప్పులో అడ్రసు వెనకనుంచి ముందుకు రాసి ఉంటుంది, ఇంటి చిరునామాని జిల్లాతో మొదలెట్టి డోర్ నంబరుతో ముగించినట్టు. పాత ఫర్మ్‌వేర్ దాన్ని ఉన్నదున్నట్టు అందించేది, మా డ్రైవరు తిరగేసుకునేది. కొత్త బ్యాచ్‌లో ఫర్మ్‌వేర్ వాళ్లు తామే తిరగేసి ఇవ్వడం మొదలుపెట్టారు. మాతో ఒక్క మాట చెప్పలేదు. డ్రైవరు అలవాటుగా మళ్లీ తిరగేసింది. దాంతో చివరి బైటు ముందుకొచ్చింది, అది బేసి సంఖ్య. మొదటి బైటు బేసి అయితే అది గుంపు అడ్రసు కింద లెక్క, ఒక్క యంత్రానికి పనికిరాదు. అందుకని కెర్నెల్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి కల్పించుకుంటోంది. మా ల్యాబులో ఉన్నవన్నీ పాత బోర్డులే. కొండెక్కిన కొత్త డబ్బా ఇదొక్కటే.

సరిచేసిన డ్రైవరు అక్కడే ఎక్కించి, సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి ఆఫీసుకి ఫోన్ చేశాను. తప్పు డ్రైవరుదని ఫర్మ్‌వేర్ వాళ్లు, ఫర్మ్‌వేర్‌దని మా వాళ్లు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. మేనేజరైతే, 'చిన్న మెరుగుదల' అని రాసి, ఈ సవరణని ప్యాచ్‌గా అన్ని డబ్బాలకూ వదిలేద్దామన్నాడు. మెమో సంగతి మనది కాదట!

"ఒకావిడ పొట్టమీద కొట్టి, దానికి మెరుగుదలని పేరెట్టావా?" అని అరిచాను. నువ్వొచ్చి మెడికల్ ఆఫీసరు ముందు తప్పు మనదని చెప్పేదాకా ప్యాచ్ మీద నా సంతకం ఉండదన్నాను.

వచ్చాడు. ఘాట్ రోడ్డులో రెండుచోట్ల జీపు ఆపించి వాంతి చేసుకున్నాడట. నాకేం జాలి కలగలేదు. తప్పు కంపెనీదని మెడికల్ ఆఫీసరు ముందు గొణిగాడు. మంగ గారు నిలబడే విన్నారు.

"డబ్బా బాగోనేదని మొదటి రోజే సెప్పినాను కదండీ. అప్పుడెందుకు నమ్మనేదు?"

వాడు నా వైపు చూశాడు. జవాబు చెప్పాల్సింది నేను కాదు. మెమో రద్దయింది, రెన్యువల్ వచ్చింది.

రెండు ప్రోగ్రాములు ఒక అడ్రసును చేతులు మార్చుకునేటప్పుడు, తిరగెయ్యాల్సింది ఎవరో ముందే రాసుకోవాలి. ఇది వృత్తి పాఠం. యంత్రం ఒకటి, మనిషి ఇంకొకటి చెప్పినప్పుడు ముందు యంత్రం మూత విప్పాలి. ఆ మెమో మీద మూడు సంతకాలున్నాయి. పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ డబ్బా మూత విప్పలేదు.