అంగుళం మేస్త్రి ఇంట్లో మధ్య స్పీకరు

వడ్రంగి చివరి గూటిలో గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. పని అయిపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. పైన టీవీకి చోటు, దాని కింద చదరపు గూడు, అటూ ఇటూ పొడుగు గూళ్లు. అంతా టేకు. ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించాడు.

వీధిలో ఆయన్ని అంగుళం మేస్త్రి అంటారు. జ్వరంతో ఆసుపత్రిలో పడుకోబెడితే టేపు తెప్పించుకుని మంచం కొలిచి, పొట్టిగా ఉందని డాక్టరుకు చెప్పిన మనిషి.

ఈ గూళ్లు హోం థియేటర్ కోసం. హోం థియేటర్ ఇంకా కొనలేదు.

"ఎవరైనా ముందు సామాను కొని, తర్వాత గూడు చేస్తారు బావా," అన్నాడు బావమరిది.

"ఇల్లు చూసుకున్నాకే కదరా కాపురం పెట్టేది," అన్నాడు వడ్రంగి.

స్పీకర్లు కావలసింది ఆయన భార్యకు. నేత మిల్లులో మగ్గాల మోతకు ఆమె చెవులు మందగించాయి. టీవీ శబ్దం పెంచితే పాటలు హోరెత్తుతాయి గాని మాటలు తెలియవు. మొదట్లో "ఏమన్నాడు? ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగేది. చెప్పేలోగా సినిమా ముందుకు పోయేది. ఈమధ్య అడగడం మానేసింది. సినిమా పెట్టగానే బట్టలు మడతపెట్టాలని పక్క గదిలోకి వెళ్లిపోతోంది. మడిచినవే మళ్లీ మడుస్తోందని వడ్రంగి కనిపెట్టాడు.

ముగ్గురూ స్పీకర్ల దుకాణానికి వెళ్లారు. యజమాని ఒక బాంబు పేలే సీను పెట్టాడు. అద్దాలు వణికాయి.

"ఎలా ఉందన్నా?"

"పొడుగెంత?" అని వడ్రంగి టేపు తీశాడు.

టీవీ కింద పెట్టే మధ్య స్పీకరు చదరపు గూటికి సరిగ్గా సరిపోతుంది. అల్లుణ్ణి చూసుకున్న మామలా దాని వంక చూశాడు.

"ఎవరైనా మాట్లాడుకునేది పెట్టండి," అన్నాడు చివరికి.

యజమాని మరో సీను పెట్టాడు. బావమరిది నవ్వాడు. కాసేపాగి ఆమె కూడా నవ్వింది. తెర వంక కాదు, తమ్ముడి మొహం చూసి. వడ్రంగి అది చూశాడు.

"ఇంకోటి ఉందా?"

"ఉందన్నా. మాటలన్నీ మధ్యలో ఉండే ఈ పెట్టెలోంచే వస్తాయి. కాకపోతే కాస్త పొడుగు."

అదే సీను మళ్లీ పెట్టాడు. ఈసారి ఆమె తమ్ముడికంటే ముందే నవ్వింది. "తాళంచెవి వాడి జేబులోనే ఉందట! ఊరంతా వెతికించాడు వెధవ!"

వడ్రంగి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"రెండోసారి కొలిస్తే తగ్గుతుందా బావా?"

"నేల మీద పెట్టుకోవచ్చు," అన్నాడు యజమాని.

"మాటలు కాళ్లతో వినాలా?"

ఆమెకు సంగతి అర్థమైంది. "ఆ మొదటిదే తీసుకుందామయ్యా. గూటిలో పడుతుందిగా. అంత కష్టపడి చేశావు."

వడ్రంగి టేపు చుట్టేశాడు. "గూడు సినిమా చూడదే," అని యజమాని వైపు తిరిగాడు. "ఈ పొడుగుదే కట్టండి."

ఇంటికొచ్చి చదరపు గూటి రెండు పక్క చెక్కలూ ఊడదీయబోయాడు. తాను బిగించింది ఊడదని కొనేవాళ్లకు చెబుతుంటాడు. ఆ మాట నిజమేనని ఆ పూట తేలింది. రంపం తెచ్చి కోశాడు. బావమరిది ఏదో అనబోయి, ఆయన మొహం చూసి వైర్లు విప్పుకున్నాడు.

కోసిన అంచులు నున్నగా అయ్యేదాకా రుద్దాడు. స్పీకరు ముందు వైపు కింద సన్నటి చెక్కముక్క పెట్టి, కుర్చీలో ఆమె చెవి ఉండే ఎత్తుకు తిప్పాడు. రిమోట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె సినిమా పెట్టింది. తెర మీద ఎవరో నోరు తెరవగానే వడ్రంగి అలవాటుగా ఆమె వైపు వంగాడు. "వాడేమంటున్నాడంటే..."

"నాకు వినబడుతోంది. నువ్వు కాస్త నోరు మూసుకో."

వడ్రంగి నోరు మూసుకుని, వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు.