సముద్రానికి వీపు తిప్పి వేసిన తాళం

మా బడి గేటుకు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీకి ఒక మూల తాడు తెగింది. నిన్న మధ్యాహ్నం నైరుతి గాలి లేవగానే అది పటపటా కొట్టుకోవడం మొదలుపెట్టింది. విజయనగరంలో ఇలాంటి చప్పుళ్ళను ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం అన్నం డబ్బా మూత సగం తీసి అలాగే ఉండిపోయాను. తెరచాపకి గాలి సరిగా ఎక్కనప్పుడు అది అచ్చం అలాగే కొట్టుకుంటుంది. నా కుడిచెయ్యి నన్ను అడగకుండానే తొడమీద తాళం వెయ్యసాగింది. పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు చూసి, "ఏటి పార్వతిగారూ, కచేరీకి గానీ వెళ్తన్నారేటి?" అని నవ్వారు. "కచేరీకి కాదండి, పందేనికి," అన్నాను. ఆయనకి ఏమీ బోధపడలేదు. బోధపడాలంటే వరాలు మేడమ్ ఎవరో తెలియాలి.

కోటబొమ్మాళిలో నేను చదువుకున్న బడికి ఆవిడ వ్యాయామ టీచరు. సొంతూరు శ్రీముఖలింగం. వాళ్ళ నాన్నగారు గుడిలో మృదంగం వాయించేవారు. మగపిల్లలు లేరని ఆ విద్య కూతురికే నేర్పారు. మేడమ్ కాలేజీ చదువుకి విశాఖ వెళ్ళి అక్కడ విండ్‌సర్ఫింగ్ పట్టుకున్నారు. పొట్టి మనిషి, దిట్టమైన భుజాలు, మైకు అక్కర్లేని గొంతు. గొప్పలు చెప్పుకోవడంలో ఆవిడకి మొహమాటం లేదు. "మృదంగానికీ సముద్రానికీ రెండిటికీ సెయ్యి తగిలించిందాన్ని ఈ జిల్లాలో నానొక్కదాన్నే," అని మొదటిరోజే చెప్పారు. అది నిజమో కాదో అడిగే ధైర్యం క్లాసులో ఎవరికీ లేదు.

విండ్‌సర్ఫింగ్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. మనిషి పొడవుకి కాస్త ఎక్కువుండే బోర్డు, దాని మీద నిలబెట్టిన ఒక తెరచాప, అంతే. చుక్కాని ఉండదు, కూర్చోవడానికి చోటుండదు. నిలబడి, చాప కర్ర పట్టుకుని, మన ఒంటి బరువుతోనే గాలిని లొంగదీసుకోవాలి. అందులో స్లాలం అనే పందెం ఉంది. ఎనిమిదిమంది ఒకేసారి బయల్దేరి, నీళ్ళలో తేలే బుడ్డీల చుట్టూ అటూ ఇటూ మలుపులు తిరుగుతూ చివరి గీత దాటాలి. గాలి బాగా పట్టిందంటే బోర్డు నీటిని వదిలేస్తుంది. కాళ్ళ కింద సన్నగా రొద మొదలవుతుంది. ఆ రొద ఒకసారి అరికాళ్ళకి తెలిశాక మనిషి ఇంక మామూలుగా ఉండదు. నేను ఉండలేదు.

మేడమ్ ఆదివారాలు మా అయిదారుగురు ఆడపిల్లల్ని బస్సెక్కించి భావనపాడు తీసుకెళ్ళేవారు. అక్కడ ఆవిడా, ఆవిడ పాత స్నేహితులూ కలిసి పెట్టిన చిన్న క్లబ్బు ఉండేది. మా నాన్న వరి పండించే మనిషి. నీళ్ళంటే ఆయనకి మడిలో చీలమండ దాకా ఉండేవే. డిగ్రీ అయ్యాక నేను పందేల సీజను మొత్తం ఆడతానంటే ఆయన ఒప్పుకోలేదు. మేడమ్ మా ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన టీ తాగి, "మీ పార్వతి గుంటకి తాళం వచ్చును బావా. తాళం వచ్చినోళ్ళకి సముద్రం లొంగుతాది," అన్నారు. 

నాన్న గడ్డం గోక్కున్నాడు. "సముద్రానికి తాళమేటి మేడమ్ గారూ, దానికి తలుపున్నాదేటి?" అన్నాడు.

మేడమ్ పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే నాన్న సగం మెత్తబడ్డాడు. "సరే, ఈ ఒక్క సీజను. రాష్ట్రం జట్టులోకి తీసుకుంటే ఆడుకో. తీసుకోకపోతే టీచరు ట్రైనింగులో సేరిపో, మళ్ళీ సముద్రం మాటెత్తకు," అని నాకేసి చూశాడు. జట్టులో ఆడపిల్లలకి ఒక్కటే చోటు ఖాళీ ఉందని ఆయనకి నేను చెప్పలేదు.

మా తీరంలో పందేలు ఎండాకాలంలో జరుగుతాయి. చేపల వేట మానేసే నెలలవి. వలలు ఉండవు, పడవలన్నీ ఒడ్డున బోర్లా పడి ఉంటాయి. సముద్రం బడి సెలవుల్లో మైదానంలా ఖాళీగా ఉంటుంది. గాలి మాత్రం మధ్యాహ్నానికల్లా లేచి సాయంత్రం దాకా తగ్గదు. ఆ సీజన్లో మూడు చోట్ల పోటీలు పెట్టారు. కళింగపట్నం, భావనపాడు, ఆఖరున విజయనగరం వైపు తీరాన చింతపల్లి. మూడింటిలో బాగా చెడినదాన్ని వదిలేసి మిగతా రెండిటి ఫలితం కలిపి చూస్తారు. ఎవరు పైన ఉంటే జట్టులో చోటు వాళ్ళది.

స్లాలంలో అసలు కీలకమంతా బయల్దేరడంలో ఉంది. పడవ మీద జెండా దించిన దగ్గర్నుంచి ఒక నిమిషం. ఆ నిమిషం పూర్తయ్యే క్షణానికి పూర్తి వేగంతో బయల్దేరే గీత దాటాలి. ముందు దాటితే అప్పుడే పడవ మీంచి కూత వేస్తారు, ఆ మనిషి పందెంలో లేనట్టే. వెనకబడితే ముందువాళ్ళు ఎగజిమ్మిన నీళ్ళు తాగుతూ వెళ్ళాలి. చేతికి వాచీ ఉంటుంది గానీ దాన్ని చూసుకునే తీరిక చేతికి ఉండదు. దాని కూత గాలి హోరులో వినపడదు. అందుకే మేడమ్ మాకు ఆదితాళం నేర్పారు. ఇసకలో బారుగా నిలబెట్టి, ఈల వేసి, తాళం వేయించేవారు. సెకనుకి ఒక దెబ్బ, ఎనిమిది దెబ్బలకి ఒక ఆవర్తం. ఏడు ఆవర్తాలు అయ్యాక పడే మొదటి దెబ్బ, అంటే సమం, మీద గీత దాటాలి. నీళ్ళలో చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నాలికతో వెయ్యమనేవారు.

ఆవిడ దగ్గర ఒక మాట నిషేధం. మా వైపు నోరు తెరిస్తే వచ్చే మాట, 'బేగి,' అంటే త్వరగా. బేగి రా, బేగి తిను, బేగి పద. ఆ మాట ఒడ్డున ఎవరి నోట వచ్చినా ఆవిడ విసుక్కునేవారు. "తాళం పరిగెట్టకూడదే. నువ్వు పరిగెట్టాలి. ఆ రెండూ వేరే," అనేవారు.

కళింగపట్నంలో మొదటి పోటీ. వంశధార కలిసే చోట నీళ్ళు బురదరంగులో ఉన్నాయి, గాలి మహా ఉషారుగా ఉంది. జెండా దిగింది. నేను నాలికతో ఒక్క దెబ్బ కూడా తప్పకుండా ఏడు ఆవర్తాలు వేసి సమం మీద గీత దాటాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ బయల్దేరలేదు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ ఎందుకు లేరో కూత వినపడ్డాక గాని తెలియలేదు. ఒడ్డుకి వచ్చేసరికి వేరే కోచ్‌లు నవ్వుతున్నారు. "భజన మేడమ్ శిష్యురాలు కచేరీ ముందే మొదలెట్టీసింది," అన్నాడు ఒకాయన, మేడమ్‌కి వినపడేలాగే.

తిరుగు బస్సు ఎక్కాం. ఆవిడ ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు. రెండో చేతిలో ఫోను, అందులో సెకన్లు తిరుగుతున్నాయి. ఊరు దగ్గరికి వస్తుండగా వేళ్ళు ఆగిపోయాయి.

"ఒసే పార్వతీ, ఏడెనిమిదులు ఎంతే?"

"యాభయ్యారు, మేడమ్."

"నిమిషానికి సెకన్లెన్ని?"

"అరవై."

ఆవిడ ఫోన్లో సెకన్లు ఆపారు. "నాలుగు మింగీసినాం," అన్నారు. "తప్పు నీది కాదే, నాది. ఒడ్డున ఈల నానే వేస్తన్నాను, సమమూ నానే వేస్తన్నాను. మధ్యలో గడియారాన్ని అడగనేలేదు." అంత గొప్పలు చెప్పుకునే మనిషి, ఊళ్ళోవాళ్ళు సగం మంది ఉన్న బస్సులో, నాకు వినపడేలా కాదు, అందరికీ వినపడేలా ఆ మాట అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎనిమిదులు అరవైకి సరిపోవు. ఆదితాళం పుట్టినప్పుడు దానికి పందేల సంగతి తెలీదు పాపం.

దిగేలోగానే ఆవిడ ఉపాయం కనిపెట్టేశారు. "జెండా దిగగానే నాలుగు దెబ్బలు ఖాళీగా వదిలీ. ఊపిరి తీసుకో, గాలి సూసుకో. అప్పుడు ఎత్తుకో. తాళం మొదలయ్యాక ఆగి ఎత్తుకునే పాటలు ఎన్ని లేవు?" అన్నారు. బస్సు దిగి రోడ్డు మీదే నిలబెట్టి నాచేత వేయించారు. కూరగాయల బండి దగ్గర బేరం ఆడుతున్నవాళ్ళు బేరం మానేసి మమ్మల్ని చూశారు.

భావనపాడు పోటీలో లెక్క తప్పలేదు గానీ నా గుండె తప్పింది. మళ్ళీ కూత వస్తుందేమోనన్న భయంతో గీత ముందు చాపని సడలించేశాను. నాలుగో స్థానం వచ్చింది. మేడమ్ తువ్వాలు నా మొహాన విసిరి, "ఏటే, పెళ్ళివారిని సాగనంపినట్టు అందరినీ ముందు పంపించి వచ్చినావు?" అన్నారు. అంతకుమించి తిట్టలేదు. చింతపల్లిలో మొదటి స్థానం వస్తే తప్ప జట్టులో చోటు లేదని ఇద్దరికీ తెలుసు. అది రాకపోతే నాన్న మాట ప్రకారం నాకు సముద్రమే లేదు.

చింతపల్లిలో ఆ రోజు వీచిన గాలి నాకు ఇప్పటికీ చెంపల మీద ఉంది. దీపస్తంభం దగ్గర నిలబడితే చీర కొంగు నిలవడం లేదని మేడమ్ దాన్ని నడుముకి రెండు చుట్లు బిగించారు. ఫైనల్లో ఎనిమిదిమందిమి. అందరిలోకీ వేగం విశాఖ అమ్మాయి నవ్యది. మొదటి రెండు పోటీలూ తనే గెలిచింది గానీ తను అప్పటికే జట్టులో ఉంది. మిగిలిన చోటు కోసమే మా గొడవంతా. అయినా నాకు మొదటి స్థానమే కావాలి, లెక్క అలా వచ్చింది.

"ఈసారైనా నా మొదలు సూడండి మేడమ్," అన్నాను బోర్డు నీళ్ళలోకి తోస్తూ. ఆవిడ ఎప్పుడూ చూసేవారు కాదు. జెండా దిగగానే సముద్రానికి వీపు తిప్పి, ఊరివైపు మొహం పెట్టి, అరచేతిలో తాళం వేసుకునేవారు. 

"సూడను. కన్ను సూస్తే సెయ్యి పరిగెడతాది," అన్నారు. "నువ్వు అక్కడ వెయ్యి, నాను ఇక్కడ వేస్తాను. సమం దగ్గర కలుద్దాం."

జెండా దిగింది. నాలుగు ఖాళీ. ఊపిరి తీసుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాను. అయిదో ఆవర్తంలో అందరం గీతకేసి తిరిగాం. చాపలు నిండాయి, బోర్డులు లేచాయి. ఆరో ఆవర్తంలో నవ్య నన్ను దాటింది. తన వెనక ఇంకో అమ్మాయి, ఆ వెనక శ్రీకాకుళం అమ్మాయి. అందరూ వెళ్తున్నారు. నా కడుపులో ఉన్న మా ఊరు మొత్తం 'బేగి, బేగి' అని అరిచింది. చేతులు చాపని లాగేయబోయాయి. నాలిక మాత్రం పళ్ళ వెనక తన దెబ్బ తను వేసుకుంటూనే ఉంది. ఆగాను. ఆఖరి ఆవర్తంలో లాగాను, బోర్డు నీటిని వదిలేసింది, అంతలో కూత వినపడింది. సమం పడింది, నేను గీత దాటాను.

ఆ కూత నాదేనేమో. తెలిసే దారి లేదు, ఎవరికో పందెం అయ్యాకే చెబుతారు. నాదే అయితే ఈ పరుగంతా దండగ. అయినా ఎలా ఆపుతాను? కాళ్ళ కింద రొద, కళ్ళలో ఉప్పు, చెవుల నిండా గాలి. మొదటి బుడ్డీ దగ్గర వంగాను, పాదం మార్చాను, చాప మెడ మీంచి గిర్రున తిరిగింది, చేతికి అందింది. రెండో మలుపులో ఒకరిని దాటాను. నేను అరుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. ఏమని అరిచానో గుర్తులేదు, సంతోషమే అయి ఉంటుంది. ఆఖరి మలుపులో శ్రీకాకుళం అమ్మాయి కాస్త వెడల్పుగా తిరిగింది, నేను లోపలినుంచి దూరాను. చివరి గీత దాటేసరికి నా ముందు ఇద్దరే. నవ్య, తన వెనకాల ఇంకో అమ్మాయి.

ఒడ్డుకి వచ్చి బోర్డు వదిలేసి ఇసకలో పడ్డాను. ఫలితం ఇంకా చెప్పలేదు. మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చారు. "కూత ఎవరికి మేడమ్? నాకేనా?" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"నువ్వు సమం మీదే దాటినావా?"

"సమం మీదే."

"అయితే నీది కాదే," అన్నారు. ఆవిడ అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. "కూత నా సమానికి రెండు దెబ్బలు ముందొచ్చింది. అదెవరిదైనా గానీ నీది కాదు." పడవ మీంచి ఇంకా ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడ నన్ను లేపి కౌగిలించుకున్నారు. చీర తడిసిపోయినా పట్టించుకోలేదు. కొంత సేపటికి మైకులో చెప్పారు. నిమిషం కాకుండానే బయల్దేరినవాళ్ళు ఇద్దరు, నా ముందు చివరి గీత చేరిన ఆ ఇద్దరే. మొదటి స్థానం నాది. భజన మేడమ్ అన్న కోచ్ వచ్చి, ఆ తాళం సంగతేమిటో మాకూ చెప్పండి అని అడిగాడు. "ముందు ఎక్కాలు సరిగ్గా నేర్చుకుని రా," అన్నారు మేడమ్. ఎవరి ఎక్కాల గురించో నాకు తెలుసు గనక నవ్వు ఆపుకోలేకపోయాను. 

సామాన్లు సర్దుతుంటే నన్ను ఇసకలో కూర్చోబెట్టారు. "మలుపులన్నీ సూసినాను. మొదలొక్కటే సూడలేదు. ఎలగ దాటినావే? ఒక్కొక్క దెబ్బా సెప్పు," అన్నారు. చెప్పాను. చిన్నపిల్లలా మోకాళ్ళు పట్టుకుని విన్నారు. నాన్నకి ఫోను చేసి జట్టులో చోటు వచ్చిందంటే, "అయితే తలుపు తెరుచుకుందన్నమాట," అన్నాడు.

మేడమ్ పోయిన వర్షాకాలంలో చనిపోయారు. నేనూ ఇప్పుడు వ్యాయామ టీచర్నే. ఆదివారాలు దూరమైనా నా పిల్లల్ని భావనపాడే తీసుకెళ్తాను. ఈ సీజన్లో మొదటి పందెం పోయిన వారమే జరిగింది. మా తొమ్మిదో తరగతి పిల్ల దుర్గ బోర్డు ఎక్కింది. జెండా దిగింది. నేను సముద్రానికి వీపు తిప్పాను. నాలుగు ఖాళీ వదిలాను. ఆ నాలుగు దెబ్బల చోటులో మాత్రం ప్రతిసారీ ఆవిడ ఉంటారు, బస్సు కడ్డీ మీద వేళ్ళు ఆపి. తర్వాత ఎత్తుకున్నాను. ఎదురుగా కొబ్బరిచెట్లు ఊగిపోతున్నాయి, వెనక ఏం జరుగుతోందో చూడాలని మెడ లాగేస్తోంది. తిరగలేదు. సమం పడింది. కూత రాలేదు.

దుర్గ ఒడ్డుకి వచ్చింది, జుట్టంతా మొహానికి అంటుకుపోయి. "సూసినారా మేడమ్, ఎలగ దాటీసినానో?"

"సూడలేదే," అన్నాను. ఇసకలో కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాను. "సెప్పు."