కాక హార్మోనియం ఆగే కాడ

నేను వినే పాటలు మా ఇంట్ల ఎవ్వరికీ పడవు. హైదరాబాద్‌ల మా అమ్మకు పడవు, ఎల్లారెడ్డిల మా చిన్నమ్మకైతే అసలే పడవు. చిన్నమ్మ ఒకసారి నా చెవులకెల్లి ఇయర్‌ఫోన్ గుంజుకొని పెట్టుకున్నది.

"ఏందే ఇది? కరెంట్ పోయి వచ్చినట్టు, పోయి వచ్చినట్టు ఉంది. పాడేటోడు ఎప్పుడొస్తడు?"

"వస్తడు చిన్నమ్మా. ఇంకో ఆరు నిమిషాలు ఆగు."

ఇయర్‌ఫోన్ నా ఒళ్ల పడేసి, చాట దగ్గరికి జరుపుకొని మల్ల బీడీలు చుట్టుకుంట కూసున్నది.

దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటరు. ఒక్కో పాట సీరియల్ ఎపిసోడ్ అంత ఉంటది. మామూలు పాటకు కాలు ఆడిస్తం గదా, దీనికి ఆడిస్తే కాలు తప్పు కాడ పడతది. ఏడు దెబ్బల తాళం. మూడు కొట్టి, నాలుగు కొట్టి, మల్ల మూడు. ఎక్కడ తప్పినమో వెతుక్కోవాలె. ఆ వెతుక్కునుడే మజా. ఇంక దాంట్ల ఒక పాత కీబోర్డ్ ఉంటది, నా పానం దాని మీదనే. లోపల ఒక్కో మీటకు ఒక్కో టేపు ముక్క. మీట నొక్కితే టేపు కదిలి, ఎప్పుడో ఎవరో వాయించి పెట్టిన వయొలిన్లు వినబడతయి. అవి సాఫ్‌గ రావు. పక్కూరి పెండ్లి మైకు గాలికి ఊగుకుంట వచ్చినట్టు, జర వంకరగ వస్తయి. ఆ సౌండ్ చెవుల పడంగనే నా చేతుల మీద వెంట్రుకలు లేస్తయి.

ఈ పిచ్చి ఉన్నోళ్లకు ఫోన్ల ఒక గ్రూప్ ఉంది. అందుల ఉన్నోళ్లను ఒక్కళ్లను కూడ నేను ముఖాముఖి చూడలే, కని అందరితోటి లొల్లి పెట్టుకున్న. ఏ బ్యాండోళ్ల ఆర్గాన్ మంచిగ ఉరుముతదని ఒకసారి పొద్దుగూకేదాంక కొట్లాడినం.

ఈ యేడు ఎండలు తగ్గినంక, ఇంట్ల నుంచే ఆఫీస్ పని చేసుకోవచ్చన్నరని కాక ఇంటికి పోయిన. కాక అంటే మా నాయన తమ్ముడు, చిన్నమ్మ పెనిమిటి. ఒకప్పుడు దుబాయ్‌ల కూలి పని చేసిండు, ఇప్పుడు ఎల్లారెడ్డిల వ్యవసాయం. శనివారం సాయంత్రం హన్మండ్ల గుడి కాడ భజనల హార్మోనియం వాయిస్తడు. నాకు భజన మీద ఏం ఇష్టం లేదు. గుడి కాడ సిగ్నల్ మంచిగుంటదని పోయిన, అంతే.

గోడకు ఆనుకొని రీల్స్ చూసుకుంట కూసున్న. కాక ఒక పాట ఎత్తుకున్నడు. ఆంజనేయుని మీద సొంతంగ కట్టిన మాటలు. డోలక్ కొట్టే తాత మూడు కొట్టిండు, నాలుగు కొట్టిండు, మల్ల మూడు. నా బొటనవేలు స్క్రీన్ మీదనే ఆగింది.

ఆ రాగం నాకు తెలుసు. నేను వందసార్లు విన్న పాట అది. ఎక్కడో ఇంగ్లీషోళ్లు గిటార్లు, ఆర్గాన్లు పెట్టి వాయించింది, మా కాక చిడతలు, తాళాలు పెట్టి వాయిస్తున్నడు! పండ్లు లేని అవ్వలు ఏడు దెబ్బలకు ఒక్క చప్పట్ కూడ తప్పకుంట కొడుతున్నరు. నేను లేచి నిలబడి వీడియో తీసిన.

పాట పైకి, ఇంకా పైకి పోయింది. ఇగ అసలైన మలుపు వస్తది అనుకునే కాడ టక్కున ఆగింది. మాట సగంల తెగింది. తాళాలు గాలిల ఉన్నయి, డోలక్ మీద చెయ్యి ఉంది, ఎవ్వరు కదుల్తలేరు. తర్వాత ఒక్కసారిగ అందరు జై కొట్టిండ్రు.

"గట్ల ఆపుడు ఎవ్వరితోటి కాదు బిడ్డా" అన్నడు డోలక్ తాత నన్ను చూసి. "గాంధారికెల్లి ఆటోల వస్తరు, ఉత్త ఈ ఆపుడు వినెతందుకే."

నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. ఎందుకంటే పాట అక్కడ ఆగదు. ఇంకా సగం ఉంటది.

ఇంటికి వచ్చినంక అడిగిన. కాక అల్మారకెల్లి ఒక క్యాసెట్ తీసిండు. మీద పేరు గిట్ల ఏం లేదు.

"దుబాయ్‌ల నా రూంల ఒక మలయాళీ ఉండె. దినాం ఇదే పెట్టేటోడు. మొదట్ల ఆయన్ని కొట్టబుద్ధయ్యేది. తర్వాత ఒకనాడు పెట్టకపోతే నాకే నిద్ర పట్టలే. నేను వచ్చేటప్పుడు ఇది నా చేతుల పెట్టిండు. మాట ఒక్కటి సమజ్ కాదు. కని ఆ ఆపుడు చూసినవా? అంత ఎత్తుకు తీస్కపోయి, పాడేటోడు అక్కడనే ఇడిసిపెట్టిండు. ఎంత ధైర్యం ఉండాలె!"

క్యాసెట్ తిప్పి చూసిన. ఎవరో ఇంట్ల రికార్డ్ చేసుకున్న చిన్న క్యాసెట్. పాట పెద్దది, టేపు చిన్నది. కాక మొఖం చూసి నోరు మూసుకున్న. నేను నోరు మూసుకునుడు మా ఖాందాన్‌ల పెద్ద వార్త.

వీడియో మాత్రం గ్రూప్‌ల పెట్టిన. ఒకామె రాసింది: "ఈ పాట ఇన్నేండ్లు విన్న, ఆ ఎత్తు ఎంత ఎత్తో ఈ తాళాలు ఆగినంకనే తెలిసింది." మస్తు సంతోషమైంది. దాని కిందనే ఇంకొకడు నవ్వే బొమ్మలు పెట్టి, "ఎండింగ్ కూడ తెల్వకుంట వాయించుడేంది, కామెడీ" అన్నడు.

నా దిమాక్ ఖరాబైంది. డాబా మీదికి పోయి, ఫోన్ నోటి కాడ పెట్టుకొని వాయిస్ మెసేజ్ ఇచ్చిన. "ఏం మాట్లాడుతున్నవ్ రా? టేపు అక్కడికి అయిపోతే ఆయనేం జేస్తడు? మిగిలిన సగం ఆయన జిందగీల వినలే! విననోడు గంత మంచిగ వాయించిండు, విని నువ్వేం పీకినవ్?"

వెనక్కి తిరిగిన. మెట్ల మీద కాక, చేతుల నాకు తెచ్చిన చాయ్.

"మిగిలిన సగం ఏంది?" అన్నడు.

చెప్పిన. చెప్పక ఏం జేస్త? వినమని ఫోన్ ఇయ్యబోయిన, "వద్దు" అన్నడు. చాయ్ గోడ మీద పెట్టి కిందికి పోయిండు.

మూడు దినాలు కాక హార్మోనియం మీద కప్పిన బట్ట తియ్యలే. డోలక్ తాత ఇంటికి వస్తే, "ఇగ ఆ పాట వద్దు తాతా, అందరికి తప్పు నేర్పిన" అన్నడంట. చిన్నమ్మ బీడీ ఆకుల కత్తెర నా దిక్కు చూపించి మొత్తుకున్నది.

"నీ నోరు గాదు, నీ ఫోన్ పగలగొట్టాలె. ఆయనకు ఉన్నదే ఆ ఒక్క పాట గదనే!"

నిజమే. పొలం అందరికీ ఉంది, దుబాయ్ అందరు పోయి వచ్చిండ్రు. ఆ పాట కాకకు ఒక్కనికే ఉంది.

నేను వాపస్ పోయే దినం, కామారెడ్డి స్టేషన్‌ల రైలు ఎక్కియ్యనీకి కాక నాతోటి బస్సెక్కిండు. కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నడు. లింగంపేట దాటినంక నాకు ఓపిక అయిపోయింది. ఒక ఇయర్‌ఫోన్ ఆయన దిక్కు పెట్టిన.

"వద్దన్న గదా బిడ్డా."

"వింటవా, స్పీకర్‌ల పెట్టాల్నా? బస్సంత వింటది. మల్ల నన్ను అనొద్దు."

నన్ను చూసి, ఫోన్ చూసి, ఇయర్‌ఫోన్ చెవుల పెట్టుకున్నడు. రెండోది నేను పెట్టుకున్న.

పాట మొదలైంది. ముందు సీటు కడ్డీ మీద కాక వేళ్లు వాటంతట అవే కదిలినయి. ఎత్తు వచ్చింది. ఆ జాగల ఆయన చెయ్యి అలవాటుగ గాలిలకు లేచి ఆగింది. పాట ఆగలే. చెయ్యి అట్లనే ఉంది, కాక నోరు తెరుచుకొని కూసున్నడు. ఆర్గాన్ ఉరిమి ఉరిమి, మెల్లగ కిందికి దిగింది. టేపు వయొలిన్లు ఒక్కటే మిగిలినయి. వాటి నడుమ ఎక్కడికెల్లో ఫ్లూట్ వచ్చింది. ఆఖర్ల, మొదటి రాగమే మల్ల వచ్చింది. ఈసారి నిదానంగ, ఇంత పెద్దగ.

కండక్టర్ వచ్చి "పెద్దాయనా, జర జరగు, అమ్మ కూసుంటది" అంటే కాక చెయ్యి అడ్డం పెట్టి "ఆగు!" అని గట్టిగ అన్నడు. చెవుల పాట ఉంటే గొంతు పెరుగుతది గదా, బస్సంత మా దిక్కే చూసింది. ఆ అమ్మ నవ్వి వేరే సీటుకు పోయింది.

పాట అయిపోయేసరికి తాడ్వాయి వచ్చింది. కాక కండ్లు తుడుసుకున్నడు.

"ఇన్నేండ్ల సంది ఇంటి కడప కాడనే దండం పెట్టి వచ్చిన బిడ్డా. లోపల గింత పెద్ద ఇల్లు ఉన్నదని ఎవ్వడు చెప్పలే" అన్నడు. తర్వాత పకపక నవ్విండు. "ఆ మలయాళీకి కూడ తెల్వకపోవచ్చు! ఇంకోసారి పెట్టు."

కామారెడ్డి వచ్చేదాంక అదే పాట. స్టేషన్‌ల ఆయన ఫోన్‌ల ఎక్కించి ఇచ్చిన. రైలు కదిలేటప్పుడు కూడ "ఆ ఫ్లూట్ ఉన్న కాడ హార్మోనియం పెట్టె మీద ఎట్ల పట్టాలె?" అని అడుగుతున్నడు.

శనివారం సాయంత్రం చిన్నమ్మ గుడి కాడికెల్లి వీడియో కాల్ చేసింది. సగం స్క్రీన్ ఆమె బొటనవేలే. పాట ఎత్తుకు పోయింది, ఎప్పటి లెక్కనే తాళాలు ఆగినయి, చప్పట్లు ఆగినయి. హార్మోనియం ఆగలే.

"ఏందిరా, అయిపోయింది గదా!" డోలక్ తాత గొంతు.

"అయిపోలే" అన్నడు కాక, వాయించుకుంటనే. "అప్పుడు అయిపోయింది క్యాసెట్."

కొంచెం సేపు కాక ఒక్కడే వాయించిండు. తర్వాత ఎవరో అవ్వ చిడతలు మొదలు పెట్టింది, మూడు, నాలుగు. డోలక్ తాత తిట్టుకుంటనే అందుకున్నడు. ఇగ ఫ్లూట్ జాగ వస్తదనంగ నా ఫోన్‌ల బొమ్మ గడ్డ కట్టింది. కాల్ కట్ అయింది.

నెట్‌వర్క్‌ను నోటికొచ్చినట్టు తిట్టిన. మల్ల రింగ్ చేసిన, మల్ల చేసిన. చాన సేపటికి చిన్నమ్మ ఎత్తింది.

"ఎందుకే ఒకటే మోగిస్తవ్? జర ఆగు. ఇంకా అయిపోలే."