సాయిబుగారి బీడీ, నా అడుగుల లెక్క

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చినవాడికి భూమ్మీద తెలియని విషయం ఉండేది కాదు. డెబ్బైల్లో తిరువూరులో అలాంటివాణ్ణి నేనొకణ్ణి. లెక్కలు కట్టే స్లైడు రూలు బయటికి కనబడేలా జేబులో పెట్టుకుని (అది పట్టేంత పొడుగు జేబు పనిగట్టుకుని కుట్టించాను) ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని తిరిగేవాణ్ణి. చివరికి మామయ్య అడిగాడు. ఆయన రైస్ మిల్లులో ఆయిలింజను చక్రం పగిలింది. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సీమ ఇంజను కాబట్టి దాని కాగితంలో చక్రం జడత్వం పౌండ్లలో, అడుగుల్లో ఉంది. కొత్తది పోతపోసేవాళ్లకి కిలోలు, మీటర్లలో కావాలట. "ఇంత చదివావుగా, ఇదన్నా చేసిపెట్టరా," అన్నాడు.

జడత్వమంటే, తిరిగే చక్రం ఆగనని ఎంత మొండికేస్తుందో చెప్పే లెక్క. అందులో బరువు ఒక్కసారే వస్తుంది, ఇరుసు నుంచి దూరం రెండుసార్లు వస్తుంది. అంటే పౌండ్లను ఒకసారి, అడుగులను రెండుసార్లు మార్చాలి. నేను రెండింటినీ ఒక్కోసారే మార్చాను. మీటరుకి మూడడుగుల పైన కాబట్టి, చక్రం మూడింతల పైచిలుకు బరువుతో లారీలో దిగింది. ఇంజను నడిపే సాయిబుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "పాతదానికి ఇద్దరం సరిపోయేవాళ్లం బాబూ. దీన్ని దించడానికి ఆరుగురు పట్టారు. ఇంకోసారి లెక్క చూడకూడదూ?" అన్నారు. "లెక్కన్నాక ఇంకోసారి చూసేదేముంది సాయిబుగారూ," అన్నాను. (ఈ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.)

సాయిబుగారికో పద్ధతి ఉండేది. సాయంత్రం ఇంజను ఆపి, గుమ్మంలో నిలబడి బీడీ ముట్టించేవారు. బీడీ అయ్యేసరికి చక్రం ఆఖరి చుట్లలో నీరసంగా ఉండేది. అప్పుడు చక్రం మీంచి మిల్లుకి పోయే బెల్టుని చేత్తో పక్కకి తప్పించేవారు. ఇరవై ఏళ్లుగా అంతే. కొత్త చక్రం బిగించిన మూడోనాడు బీడీ అయిపోయింది గానీ చక్రం జోరు తగ్గలేదు. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం వెళ్లింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

తప్పు బీడీదని అందరూ తేల్చేశారు. ఆ ధ్యాసలో చూసుకోలేదన్నాడు మామయ్య. సాయిబుగారి భార్య ఇక బీడీ ముట్టనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది. నేను మర్నాడు లెక్క మళ్లీ చేశాను. తప్పు దొరికింది. ఆర్నెల్లు నోరు విప్పలేదు, భయం. వారం వారం బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్లేవాణ్ణి. ఆయన వక్కపొడి నములుతూ, రోడ్డు మీద పోయేవాళ్ల బీడీలకేసి చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు ఇక ఆగలేక కాగితం ముందుపెట్టి అంతా చెప్పేశాను.

ఆయన ఆ కాగితాన్ని చదువొచ్చినవాడిలా చాలాసేపు చూశారు. "అయితే తప్పు బీడీది కాదన్నమాట."

"కాదండీ. నాది."

"ఆర్నెల్లు, బాబూ," అన్నారు. వేళ్ల మాటే ఎత్తలేదు. లోపలికి తిరిగి, "విన్నావా, ఒట్టు తీసేయ్," అని భార్యతో చెప్పి, నా చేత బీడీ తెప్పించుకున్నారు. "పుల్ల నువ్వే గియ్యాలి. నాకు కుదరట్లేదు," అన్నారు. మూడు పుల్లలు ఆరిపోయాక, నాలుగోది గీసి ముట్టించాను.

ఆ సాయంత్రమే మామయ్యకీ చెప్పాను, చక్రం మార్పించాం. తర్వాత ఉద్యోగమంతా ఇలాంటి లెక్కలతోనే గడిచింది. ఏ లెక్క చేసినా పక్కనున్నవాడికిచ్చి, "ఇంకోసారి చూడు," అనడం అలవాటైంది. నన్ను పిరికివాడన్నారు, ఒప్పుకున్నాను. ఆ పొడుగు జేబు కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే సాయిబుగారి చెయ్యి గుర్తొస్తుంది.